లక్షిత రోగి ప్రసరణ పథకం

మా డైరెక్టరు గారు ఆ ఏడు ఢిల్లీ వెళ్లకుండా ఉండి ఉంటే, రోహిణీ కార్తె ఎండల్లో రెయిన్ కోటు తొడుక్కుని ఆస్పత్రి వరండాల్లో ఊరేగే యోగం నాకు పట్టేది కాదు. మా డైరెక్టరు గారు అన్నానని నేను ఆస్పత్రి ఉద్యోగిననుకునేరు. కాదు. నేను ఆర్టీసీలో కండక్టర్ని, పేరు మంగతాయారు. ఒకే ఆస్పత్రికి ఏడాది పొడుగునా తిరిగితే అక్కడి డైరెక్టరు, వాచ్‌మన్, క్యాంటీన్ పిల్లి అందరూ మనవాళ్లే అయిపోతారు, అంతే.

నాకు వచ్చింది కేన్సరు. ఆ మాట అనడానికి మా చుట్టాలు గొంతు తగ్గిస్తారు గానీ నేను తగ్గించను. నిండు బస్సులో వెనక సీటు దాకా వినపడేలా అరిచి అరిచి నా గొంతుకు తగ్గే అలవాటు పోయింది. మొదట ఎక్కించిన ఎర్రమందు గడ్డను కొంత కరిగించింది గానీ, పోతూ పోతూ నా గుండెను కూడా పలకరించి పోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అప్పుడు డాక్టర్ సలోమీ గారు మందు మారుద్దామన్నారు. మారుద్దామంటే మందు అదేనట, ప్రయాణం వేరట. మామూలు మైక్రోస్కోపుకు కూడా ఆననంత చిన్న కొవ్వు బుడగలు చేసి, వాటి లోపల మందును దాస్తారట. విడిగా పోతే మందు దారిలోనే చెడుతుంది, లేదా కనబడ్డ చోటల్లా దిగిపోతుంది. బుడగలో పోతే చెక్కుచెదరదు. గుండె దగ్గర పెద్దగా దిగదు, గడ్డ దగ్గర ఎక్కువగా దిగుతుంది.

"నీ భాషలో చెప్పాలంటే తాయారమ్మా, పాతది ఊరూరా ఆగే బస్సు. ఇది నాన్‌స్టాప్" అన్నారావిడ. నాకు ఇట్టే అర్థమైపోయింది.

ఆ మందు తెప్పించడానికి సలోమీ గారు పడ్డ తిప్పలు నాకు తెలుసు. రాయని కాగితం లేదు, తిట్టించుకోని ఆఫీసు లేదు. చివరికి నా పేరున ఒక సీసా వచ్చి ఫార్మసీ ఫ్రిజ్‌లో కూర్చుంది. సీసా మూత తీసి గ్లూకోజులో కలిపారంటే ఆ రోజే ఎక్కించాలి. సాయంత్రం దాకా ఎక్కకపోతే పారబోయాల్సిందే. ఇంకో సీసా ఎప్పుడొస్తుందో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. అప్పటికి నా దగ్గర కాలం ఎంతుందో కూడా ఇద్దరం మాట్లాడుకోలేదు. సోమవారం పొద్దున్నే వచ్చి ఇన్‌ఫ్యూజన్ వార్డులో కుర్చీలో కూర్చోమన్నారు. నేను చెయ్యాల్సిందల్లా గేటు నుంచి ఆ కుర్చీ దాకా వెళ్లడం.

ఈ లోపల డైరెక్టరు గారు ఢిల్లీ నుంచి దిగారు.

డాక్టర్ చక్రపాణి గారు మంచివారే. కాకపోతే ఏ సభకు వెళ్తే ఆ సభను ఒంటికి అంటించుకుని వస్తారు. అంతకుముందు ఎక్కడో తేనెటీగల మీద ఉపన్యాసం విని వచ్చి గుమాస్తాల బల్లలన్నీ ఆరు మూలలుగా కోయించారు. ఈసారి విన్నది నానో రేణువుల మీద. మందును రేణువులో ఎలా దాస్తారో, ఒంట్లో కాపలా కణాలు పట్టుకోకుండా దాని మీద ఎలా పూత పూస్తారో, అది గడ్డ దగ్గరికి వెళ్లి ఎలా విచ్చుకుంటుందో ఎవరో యువ శాస్త్రవేత్త బొమ్మలు వేసి చెప్పాడట. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయట. ఒక మందు గడ్డను చేరడానికి ఇంత ఏర్పాటు ఉండగా, మా సంస్థలో రోగి డాక్టరును చేరడానికి ఏ ఏర్పాటూ లేదే అని మథనపడ్డారట. 

మాట నిజమే, కాదనను. మా ఆస్పత్రిలో గేటు దగ్గర బయల్దేరిన రోగి వరండాల్లో అరిగి, క్యూల్లో కరిగి, ఎక్సరే కిటికీ దగ్గర సగం, రక్తపరీక్ష కిటికీ దగ్గర సగం మిగిలిపోతాడు. అక్కడిదాకా ఆయన ఆలోచనకు దణ్ణం పెట్టాలి. అక్కడ ఆగలేదు, అదీ వచ్చిన చిక్కు.

మర్నాటికల్లా సర్క్యులరు గోడలకెక్కింది. "ఇందుమూలముగా సమస్త విభాగములకు తెలియజేయునది ఏమనగా, నేటి నుండి ఈ సంస్థ ఒక శరీరముగా పరిగణింపబడును. వరండాలు రక్తనాళములు. రోగి మందు. డాక్టరు గడ్డ. మందును చెడిపోకుండా గడ్డకు చేర్చుటయే లక్షిత రోగి ప్రసరణ పథకము యొక్క ధ్యేయము."

డాక్టర్లు భగ్గుమన్నారు. ఇన్నేళ్లు చదివింది గడ్డ అనిపించుకోవడానికా అని నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నారు. డైరెక్టరు గారు వెంటనే వివరణ జారీ చేశారు. గడ్డ అన్నది వ్యక్తిగత వ్యాఖ్య కాదని, పదవీరీత్యా సంక్రమించే హోదా మాత్రమేనని, రిటైరైన నాడు తొలగిపోతుందని. అయినా గొడవ చల్లారలేదు. చల్లార్చింది ఇంజనీరింగ్ విభాగం. శరీరంలో గడ్డ చుట్టూ ఉండే రక్తనాళాలకు చిల్లులుంటాయట, రేణువులు అందులోంచి లోపలికి దూరతాయట. కాబట్టి గడ్డగా గుర్తించిన ప్రతి డాక్టరు వార్డుకూ గోడల్లో కన్నాలు కొట్టాలని నిర్ణయించారు. కన్నం కొట్టాక గోడ పూత వేయాలి, పూత వేశాక కొత్త ఏసీ పెట్టాలి. ఈ సంగతి తెలియగానే నల్ల బ్యాడ్జీలు రాలిపోయాయి. ఎముకల విభాగం వారు తాము కూడా గడ్డలమేనని, ఇన్నాళ్లూ తమను గుర్తించకపోవడం వివక్ష అని వినతిపత్రం ఇచ్చారు. పళ్ల డాక్టరు గారు పాపం సౌమ్యుడు, చిన్నదైనా తననూ ఒక గడ్డ కిందే జమ కట్టమని వేడుకున్నారు.

సలోమీ గారు మాత్రం నవ్వి ఊరుకున్నారు. పేషెంటు కుర్చీలోకి వస్తే తనను ఏమన్నా ఫరవాలేదన్నారు. ఆవిడ వార్డుకు మొట్టమొదట కన్నాలు పడ్డాయి. కొత్త ఏసీ పెట్టారు గానీ, గోడలో మనిషి పట్టేంత కన్నాలుండగా ఆ చల్లగాలి వరండాలోకి పోయి, అక్కడ పడుకునే కుక్క ఒక్కటే సుఖపడింది.

సోమవారం పొద్దున నేనూ మా ఆయన సత్తిరాజూ గేటు దగ్గర దిగాం. ఆయన చేతిలో మధ్యాహ్నం భోజనం క్యారేజీ. గేటులో బల్ల వేసుకుని సీనియర్ అసిస్టెంట్ భావనారాయణ గారు కూర్చున్నారు. ఆయన మెడలో ప్రసరణాధికారి అని కొత్త బిళ్ల వేలాడుతోంది. నన్ను పైనుంచి కిందికి చూసి, నేను మందునని తేల్చి, పక్కనున్నది ఎవరని అడిగారు. మా ఆయనండీ అన్నాను. పథకంలో మా ఆయన అనే విభాగం లేదన్నారు. రోగుల వెంట వచ్చే బంధువులందరినీ క్రియారహిత పదార్థం కింద నమోదు చెయ్యాలట. మందులో కలిసే ఉంటుంది గానీ దానివల్ల పనేమీ జరగదు, అదన్నమాట. 

"ఇన్నాళ్లకి గవర్నమెంటోళ్లు కనిపెట్టారు" అన్నాను. సత్తిరాజు నావైపు చూసి క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

తర్వాత పరిమాణం. గేటు పక్కన గుండ్రటి ఇనప చట్రం పాతారు. రేణువు మరీ చిన్నదైతే మూత్రపిండాలు దాన్ని వడకట్టి బయటికి తోసేస్తాయట. అందుకని ఆ చట్రంలోంచి సులువుగా దూరిపోయిన రోగిని మూత్రపిండ ద్వారం గుండా పంపించెయ్యాలట. మూత్రపిండ ద్వారం అంటే వెనక గేటు. బయట సైకిల్ స్టాండు. నా ముందున్న బక్క ముసలాయన ఒకాయన అట్లాగే దూరి, ఏం జరిగిందో తెలిసేలోగా సైకిల్ స్టాండులో తేలాడు. నేను చూస్తే ఆ ఏడాదిలో చిక్కి సగమయ్యాను. భావనారాయణ గారి మొహం చూస్తే జాలిపడేలా లేరు. 

అప్పుడు ఆదుకున్నది పూత. బుడగ మీద ప్లాస్టిక్ లాంటి పూత పూస్తే కాపలా కణాలు గుర్తుపట్టవు కదా, దానికోసమని డైరెక్టరు గారు బూడిద రంగు రెయిన్ కోట్లు కొనిపించారు. ప్రతి రోగీ తలమీద టోపీతో సహా తొడుక్కోవాలి. వార్డు వాచ్‌మన్లు, ఆయాలు, దళారులు ఎవరూ రోగిని రోగిగా గుర్తుపట్టకూడదు. అదే కారణంగా ప్రసరణలో ఉన్నంతసేపు రోగి పేరు ఎవరూ పైకి పలకకూడదు. సత్తిరాజు తన స్వెట్టరు సంచిలోంచి తీసి ఇచ్చాడు. నాకు చలి పుడుతుందని కీమో రోజుల్లో తెస్తాడులెండి. స్వెట్టరు వేసి, దానిమీద కోటు వేసి, ఊపిరి బిగబట్టి నిలబడితే చట్రంలో ఇరుక్కున్నాను. భావనారాయణ గారు తృప్తిగా తల ఊపి, పరిమాణం సరిపోయిందన్నారు.

ఇక బుడగ. కొవ్వు బుడగ గోడకు రెండు పొరలుంటాయట, లోపలి పొర లోపలికి, బయటి పొర బయటికి తిరిగి ఉంటాయట. అందుకని ఆఫీసు సిబ్బంది చేతులు పట్టుకుని నా చుట్టూ రెండు వలయాలుగా నిలబడ్డారు. బయటి వలయం వాళ్లు జనం వైపు, లోపలి వలయం వాళ్లు నావైపు. బయటి వలయంలో నిలబడే హక్కు సీనియర్లకేనని యూనియన్ ఒప్పందం ఉందట, కాబట్టి నా మొహం చూస్తూ వెనక్కి నడిచే ఉద్యోగం కాంట్రాక్టు వాళ్లకు పడింది. వాళ్లలో ఒకమ్మాయి పాపం నాకు చెమట పడుతుంటే ఊదుతూ నడిచింది. చేతులు వదలడానికి వీల్లేదు. స్థిరత్వం ముఖ్యం అని భావనారాయణ గారు ముందు నడుస్తూ మాటిమాటికీ హెచ్చరించారు. మందు చెడిపోకుండా ఉండాలంటే రేణువు విచ్చుకోకూడదు. గడ్డ దగ్గర తప్ప ఇంకెక్కడా విచ్చుకోకూడదు. సత్తిరాజు క్యారేజీ పట్టుకుని వెనకాల నడిచాడు.

నేను బస్సుల్లో తోపులాటలు బోలెడు చూశాను. కానీ ఎక్కినవాళ్లందరూ కలిసి ఒక్క ప్రయాణికురాలిని మోసుకుపోవడం ఇదే చూడటం. ఒక్కసారి కదిలాక బాగానే సాగాం. వార్డు కుడివైపుంది. మేం ఎడమవైపు తిరిగాం. ఏమిటండీ అంటే, బయటి వలయంలో ఇద్దరికి వేలిముద్ర హాజరు వెయ్యాల్సిన వేళయిందట. వలయం విడిపోకూడదు కాబట్టి అందరం వెళ్లాం. నేను కూడా వెళ్లాను. యంత్రం దగ్గర ఎవరి వేలో తెలియక నాది కూడా పెట్టబోయారు. అక్కణ్ణుంచి టీకి వెళ్లాం. టీ తాగడానికి చెయ్యి వదలాలి, వదలకూడదు. అందుకని పక్కవాడి గ్లాసు నుంచి ఇటువాడు, ఇటువాడి గ్లాసు నుంచి అటువాడు ఒకరికొకరు తాగించుకున్నారు. చూడ్డానికి పెళ్లి వేడుకలా ఉంది. తర్వాత జీతాల బిల్లు సంగతి కనుక్కోవడానికి అకౌంట్స్ సెక్షనుకు వెళ్లాం. ఆ తర్వాత ఒక గుమాస్తా గారి తోడల్లుడు ఓపీ దగ్గర వచ్చి ఉన్నాడంటే పలకరించడానికి వెళ్లాం.

దారిలో ఇంకో బుడగ ఎదురైంది. దానిలోపల కోటులో ఎవరో పెద్దాయన. టోపీ కింద గడ్డం ఒక్కటే కనబడుతోంది. ఆ బుడగ పొద్దున ఎక్కడ బయల్దేరిందో ఏమో, మాకు మూడు నాలుగు చోట్ల ఎదురవుతూనే ఉంది. కనబడ్డప్పుడల్లా ఆయన చెయ్యెత్తేవాడు, నేనూ ఎత్తేదాన్ని. ఎదురెదురు బస్సుల డ్రైవర్లు ఎత్తుకున్నట్టు.

అడిగితే తప్పేమిటని అడిగాను, వార్డుకు ఎప్పుడు చేరతామని. భావనారాయణ గారు ఎంతో ఓపికగా విడమర్చారు. మంచి రేణువుకు లక్షణమే దీర్ఘ ప్రసరణట. ఎంత ఎక్కువసేపు రక్తంలో తిరిగితే అంత గొప్పట. మొదట్లో రోగులు ఊరికే వార్డులకు చేరిపోతుంటే డైరెక్టరు గారు చాలా బాధపడ్డారట. ఇప్పుడు పొద్దున ఎక్కించిన రోగి సాయంత్రం దాకా చెక్కుచెదరకుండా ప్రసరణలోనే ఉంటున్నాడని, దీని మీద పై నుంచి ప్రశంస వచ్చిందని, ఆ ప్రసరణ చూసి పోవడానికి ఢిల్లీ నుంచి పరిశీలకుల బృందం ఆ రోజే వస్తోందని చెప్పారు.

ఫార్మసీలో నా సీసా మూత పొద్దున్నే తీసేసి ఉంటారు. కలిపేసి ఉంటారు. ఆ మందును ఒక కుర్రనర్సు చల్లటి పెట్టెలో పెట్టుకుని ఏ పథకమూ లేకుండా నేరుగా వార్డుకు తీసుకుపోయి ఉంటుంది. అది అక్కడ నాకోసం వేలాడుతూ ఉంటుంది. నేను మాత్రం ఎవరి తోడల్లుణ్ణో చూడటానికి వెళ్తున్నాను. అప్పటిదాకా నవ్వుకుంటూ వచ్చినదాన్ని అప్పుడు నిజంగా భయపడ్డాను. ఆ కోటు లోపల ఏడ్చాను కూడా. చెమటలో ఎవరికీ తెలియలేదు. ఊదుతూ నడిచే అమ్మాయికి తెలిసింది గానీ, ఆ పిల్లకు చెయ్యి వదిలే హక్కు లేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక గానీ బుడగ వార్డు వైపు తిరగలేదు. గోడ కన్నంలోంచి లోపల కుర్చీ కనబడింది. కుర్చీ పక్కన స్టాండుకు సంచీ కనబడింది. ఎర్రగా, పల్చగా, మంచు పట్టినట్టు. సిస్టర్ ధనవతి గారు నడుము మీద చేతులేసుకుని గోడ గడియారం చూస్తున్నారు. ఇంకో నాలుగడుగులు. బుడగ అక్కడ ఆగిపోయింది.

సంగతేమిటంటే, గడ్డ చుట్టూ ఒంట్లో కాస్త పులుపు ఎక్కువుంటుందట, కొన్ని రకాల రేణువులు ఆ పులుపు తగిలితేనే విచ్చుకుంటాయట. అందువల్ల ప్రతి గడ్డ వార్డు గుమ్మంలోనూ ఒక గిన్నెతో చింతపండు పులుసు పెట్టాలని నియమం. భావనారాయణ గారు నీలం కాగితం ముక్క ఒకటి అందులో ముంచుతారు. ఎర్రబడితే పులుపు ఉన్నట్టు, రోగిని వదలొచ్చు. ఎర్రబడకపోతే ఇది గడ్డే కాదు, ముందుకు సాగాల్సిందే. ఆయన కాగితం పట్టుకుని వంగారు. గిన్నె ఖాళీ. క్యాంటీన్‌లో ఆ రోజు పప్పు మాడిపోతే, వార్డు ఆయాలు ఆ పులుసే అన్నంలో పోసుకున్నారట.

ధనవతి గారు కన్నంలోంచి తల బయటపెట్టి, మందుకు టైమైపోతోంది, ఆవిణ్ణి వదలండి అని అరిచారు. భావనారాయణ గారికి కోపం రాలేదు. పులుపు రుజువు కాకుండా విచ్చుకున్న రేణువును లీకేజీ అంటారని, లీకేజీకి తన ఇంక్రిమెంటు పోతుందని, రేపు పులుసు కాయించి మళ్లీ తీసుకొస్తానని చెప్పారు. బయటి వలయం అప్పుడే తిరగడం మొదలుపెట్టింది.

"అయ్యా, రేపు ఆ మందుండదండి. రేపటికి నేనుంటానేమో గానీ ఆ మందుండదు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. వెనక సీటు దాకా వినిపించే గొంతు.

అంతసేపూ వెనకాల నడుస్తున్న క్రియారహిత పదార్థం అప్పుడు కదిలింది. సత్తిరాజు వలయానికి అడ్డంగా వచ్చి, నేల మీద కూర్చుని, క్యారేజీ గొళ్లెం తీసి గిన్నెలు వరసగా పేర్చాడు. అన్నం, బెండకాయ వేపుడు, నిమ్మకాయ పచ్చడి. పచ్చడి గిన్నె భావనారాయణ గారి ముక్కు కిందికి ఎత్తి, ఓసారి ముంచి చూడండి అన్నాడు. ఆయన ముంచారు. కాగితం ఎర్రబడింది. నా ప్రాణం లేచి వచ్చింది. కానీ భావనారాయణ గారు కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని సందేహంలో పడ్డారు. ఈ ఎరుపు పులుపు వల్ల వచ్చిందా, కారం వల్ల వచ్చిందా అని. లోపలి వలయం పులుపేనంది. బయటి వలయం సీనియర్లు కాబట్టి కారమేనన్నారు. ఒక గుమాస్తా గారు వేలితో నాకి చూసి రెండూ అన్నారు. పచ్చడి చాలా బాగుందని కూడా అన్నారు.

సత్తిరాజు అడుగు గిన్నె తెరిచాడు. మజ్జిగ. పొద్దున్నుంచి ఎండలో తిరిగి తిరిగి పులిసి నురగ కట్టిన మజ్జిగ. తెల్లటిది, కారం లేనిది. నీలం కాగితం అందులో మునిగి గులాబీ రంగులో పైకి వచ్చింది. భావనారాయణ గారు దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, ఆకాశం వైపు చూసి, "విచ్చుకోండి" అన్నారు.

చేతులు వదిలారు. నేను గోడ కన్నంలోంచే దూకాను, గుమ్మం దాకా వెళ్లే ఓపిక లేదు. కోటు ఇటుకకు తగులుకుని చిరిగింది. కుర్చీలో పడ్డాను. ధనవతి గారు చేతికి సూది సిద్ధం చేసుకుని, రూలు ప్రకారం ఎక్కించే ముందు అడగాల్సిన ప్రశ్న అడిగారు. పేరేమిటని. కన్నంలోంచి భావనారాయణ గారు, పూతలో ఉన్న రోగి పేరు పలకరాదు అని కేకేశారు. ధనవతి గారు ఆయన వైపు చూడను కూడా చూడలేదు, నన్నే చూస్తూ ఉన్నారు. నేను టోపీ వెనక్కి తోశాను. జుట్టు లేని తలమీద ఏసీ గాలి చల్లగా తగిలింది.

"గుబ్బల మంగతాయారు" అన్నాను. ఈసారి వెనక సీటు దాకా వినపడింది.

వరండాలో తిరుగుతున్న ఇంకో బుడగలోంచి ఆ గడ్డం పెద్దాయన మా వైపు చూశాడు. ఆయన వెంట ఉన్న కూతురు తన చేతిలో క్యారేజీ వైపు చూసుకుంది. చూసుకుని, నేల మీద కూర్చుంది. దాని వెనక బుడగ వెంట ఉన్న ముసలమ్మ సంచిలో చెయ్యి పెట్టి వెతకడం మొదలెట్టింది. గోంగూర తెచ్చినవాళ్లు గోంగూర, ఉసిరికాయ తెచ్చినవాళ్లు ఉసిరికాయ తీశారు. ఒక్క క్షణంలో వరండా అంతా పుల్లటి వాసన కమ్మేసింది. కాగితాలు ఎర్రబడుతున్నాయి, బుడగలు విచ్చుకుంటున్నాయి, కోట్లు వేసుకున్నవాళ్లు కన్నాల్లోంచి ఒక్కొక్కరే లోపలికి దిగుతున్నారు. నా నరంలోకి ఎర్రచుక్క మొదటిది దిగింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. సత్తిరాజు పక్కన నిలబడి మిగిలిన మజ్జిగ తాగాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. మా ఇద్దరికీ అలవాటు లేని పని అది.

సంచీ సగమయ్యేసరికి డైరెక్టరు గారు పరిశీలకుల బృందంతో వచ్చారు. దీర్ఘ ప్రసరణ చూపిద్దామని తెచ్చారు పాపం, చూస్తే వరండా ఖాళీ. అందరూ కుర్చీల్లో ఉన్నారు. బృందంలో ఒకాయన, రోగులు వైద్యం చేయించుకుంటున్నట్టున్నారే అని గుసగుసగా అడిగాడు. చక్రపాణి గారి మొహం వాడిపోయింది. నా దగ్గరికి వచ్చి ఎంతో మర్యాదగా చెప్పారు. నేను విడుదలైంది అనుమతి లేని మజ్జిగ వల్లనట. అది లీకేజీ కిందికి వస్తుందట. పథకం పరువు నా చేతుల్లో ఉందట. గేటు దాకా ఒక్కసారి వెళ్లి, పద్ధతి ప్రకారం మళ్లీ రమ్మన్నారు. సూది తీయనక్కర్లేదట, స్టాండు పట్టుకోవడానికి మనిషిని ఇస్తారట.

సలోమీ గారు అడ్డం రాబోయారు. నేనే ఆగమన్నాను.

"నేను రానండి. ఆ మందు నా లోపలికి వెళ్లిపోయింది. దాన్ని ఎనక్కి పిలవగలిగితే పిలవండి. అదొస్తే దాంతోపాటు నేనూ వస్తాను" అన్నాను.

మామూలు మనిషైతే అక్కడ సిగ్గుపడి ఊరుకుంటాడు. చక్రపాణి గారు మాత్రం ఆలోచనలో పడ్డారు. భావనారాయణ గారిని పక్కకు పిలిచి, అటువంటి అవకాశం ఉందా అని అడిగారు. ఉత్తర్వు ఇస్తే ఎందుకుండదు సార్ అన్నారాయన. అప్పటికప్పుడు చిత్తు రాశారు. చిత్తులో మందును గౌరవ వాచకంతో సంబోధించాలా వద్దా అని కొంత చర్చ జరిగింది. సంస్థ రిజిస్టర్లోకి ఇంకా పూర్తిగా ఎక్కలేదు కాబట్టి గౌరవం అక్కర్లేదని తేల్చారు. టైపు కొట్టించారు, తప్పు దొర్లితే మళ్లీ కొట్టించారు, ముద్ర కోసం మనిషిని పంపారు. ముద్ర పట్టుకొచ్చేసరికి సంచీలో చివరి చుక్క గొట్టంలోకి జారింది. నేను దాన్ని మోచేతి దాకా కళ్లతో సాగనంపాను.

భావనారాయణ గారు నా కుర్చీ ముందు నిటారుగా నిలబడి చదివారు. "ఇందుమూలముగా సదరు మందునకు తెలియజేయునది ఏమనగా, నీవు నిర్ణీత ప్రసరణ విధానమును ఉల్లంఘించి గమ్యము చేరుచున్నట్లు సంస్థ దృష్టికి వచ్చినది. ఈ ఉత్తర్వు అందిన తక్షణమే గ్లూకోజు సంచియందు తిరిగి హాజరు కావలెను. తప్పినచో క్రమశిక్షణా చర్య తీసుకొనబడును."

చదివి, కాగితం నాకిచ్చి, మందు తరఫున అందినట్టు సంతకం పెట్టమన్నారు. మెమోలు నాకు కొత్త కాదు. డిపోలో ఇలాంటివి చాలా అందుకున్నాను, చాలావాటికి జవాబులు రాశాను. ఖాళీగా ఉన్న చేత్తో ధనవతి గారి పెన్ను తీసుకుని, ఒడిలో కాగితం పరిచి, అడుగున తీరిగ్గా రాశాను.

"డ్యూటీలో ఉన్నందున రాలేను."